అక్షర తల మీద చెయ్యి

మైకు ఆగిపోయింది. "మీ అమూల్యమైన ఓటును" అన్నంతవరకు వినిపించి, ఆ ఓటును ఏం చేయాలో చెప్పకుండానే ఆగిపోయింది. ప్రచారం గడువు ముగిసింది కాబోలు. ఇన్నాళ్లూ ఈ ఆటోలు ఎప్పుడు నోరు మూసుకుంటాయా అని విసుక్కున్నాను, తీరా మూసుకున్నాక నా గుండె చప్పుడు నాకు వినిపిస్తోంది. నిశ్శబ్దం అని కాదు, బెంగళూరు శివారు ఈ హెబ్బగోడిలో నిశ్శబ్దం ఎక్కడిది, హొసూరు రోడ్డు మీద షిఫ్టు బస్సులు హారన్లు కొడుతూనే ఉన్నాయి, పై వాటాలో ఎవరో బకెట్టు ఈడుస్తున్నారు, గోడ అవతల రంజిత ఇంట్లో మిక్సీ తిరుగుతోంది. ఆ మిక్సీయే. అది తిరిగినప్పుడల్లా నా వంటింటి అరలో గ్లాసులు సన్నగా వణుకుతాయి. మగవాళ్లు డ్యూటీల్లో ఉన్న మధ్యాహ్నం పూట చూసి, వార్డుకు పోటీ చేస్తున్న నాగరాజ్ మనుషులు ఇంటింటికీ తెచ్చి ఇచ్చిపోయిన మిక్సీ. తలుపు మీద "మా ఓటు అమ్మకానికి లేదు" అన్న స్టిక్కరు, తలుపు వెనక మిక్సీ. స్టిక్కరు నా కొడుకు అంటించింది. దాన్ని చింపొద్దు, అట్లే ఉండనీ, చూసేవాళ్లకు బాగుంటుంది అని మిక్సీ ఇచ్చినవాళ్లే చెప్పారట. వాళ్లకున్న తెలివి మా వాడికి ఉంటే ఈపాటికి మంత్రి అయ్యేవాడు.

చాపలు పరిచేశాను. ఏడింటికి ప్రార్థనకు వస్తారు, ఈ వీధి ఆడవాళ్లంతా వస్తారు, ఇవాళ ఒక్కరు కూడా తలనొప్పి అని ఎగ్గొట్టరు. వాళ్లకు కావలసింది ప్రార్థన కాదు, జవాబు. జవాబు చెప్పాల్సింది నేను. నేనంటే ఎవరు? చీరాల నుంచి వచ్చి ఈ ఊళ్లో ఆస్పత్రి వార్డుల్లో సూదులు వేస్తూ ముసలిదైపోయిన నర్సు కృపమ్మా, వీళ్లందరికీ ప్రార్థన నడిపే సిస్టరమ్మా, ఎల్లుండి వార్డు ఎన్నికలో ఈల గుర్తు మీద నిలబడ్డ జాన్‌కు తల్లా? ముగ్గురం ఒకే ప్లాస్టిక్ కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాం, ముగ్గురికీ మోకాళ్ల నొప్పులే. నర్సు ఒకటి చెప్పమంటోంది, సిస్టరమ్మ ఇంకొకటి, తల్లి మాత్రం ఏమీ చెప్పమనడం లేదు, గెలవనీ, ఒక్కసారి గెలవనీ నా బిడ్డను అని కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఆ తల్లిని చూస్తే నాకు జాలీ వేస్తోంది, చీదరా వేస్తోంది.

మిక్సీ ఇచ్చి ఊరుకుంటే ఈ బాధ లేదు. ఇచ్చేవాడు ఇస్తాడు, తీసుకునేవాళ్లు తీసుకుంటారు, ఓటు దగ్గర ఎవరి బుద్ధి వాళ్లది అని వదిలేసేదాన్ని. వాళ్లు మిక్సీతో పాటు ఒట్టు కూడా తెచ్చారు. ఏ ఇంటికి తగ్గ ఒట్టు ఆ ఇంటికి. పసుపు కుంకుమ పెట్టే ఇళ్లకు దేవుడి పటం, తమలపాకు, కొబ్బరికాయ. మా వాళ్ల ఇళ్లకు మొదట కొవ్వొత్తి తెచ్చారట, వెలిగించి దాని ముందు చెప్పమన్నారట. కొవ్వొత్తికి మా ఆడవాళ్లు భయపడతారా, ప్రతి క్రిస్మస్‌కూ చేతులు కాల్చుకునేవాళ్లు. వచ్చినవాళ్లలో ఒకడు నవ్వి, ఇది వద్దులే, పాపను పిలువమ్మా అన్నాడట. పాప వచ్చింది. రంజిత కూతురు అక్షర, ఆ పక్కింటి కవలలు, ఆ చివరి ఇంట్లో ఇంకా పాలు మానని బుడ్డోడు, ఎవరి పిల్లను వాళ్ల ముందు నిలబెట్టించి, తల మీద చెయ్యి పెట్టించి, నాగరాజన్నకే ఓటు వేస్తానని చెప్పించి, మిక్సీ పెట్టె కింద పెట్టి వెళ్లారు. చదువుకున్నవాళ్లు వింటే నవ్వుతారు. ఎలక్ట్రానిక్ సిటీలో అద్దాల మేడల్లో కూర్చుని జాన్ ఆఫీసువాళ్లు నవ్వారట కూడా. నవ్వనీ. కన్నబిడ్డ నడినెత్తి మీద అరచెయ్యి ఆనించి ఒక మాట అని, ఆ తర్వాత ఆ మాట తప్పి చూడమనండి, అప్పుడు నవ్వమనండి.

అందులోనూ అక్షర. ఆ పిల్లకు ఫిట్స్. మాత్రలు వేస్తున్నాం, తగ్గాయి, కానీ పూర్తిగా పోలేదు, ఎప్పుడో ఒకప్పుడు వస్తూనే ఉంటాయి. నిన్న బట్టలు తీసుకోవడానికి మేడ మీదికి వెళ్తే రంజిత వెనకే వచ్చింది, తీగ మీద చీర మడతపెడుతున్నట్టు నటిస్తూ ఏడ్చేసింది. "నేను పెట్టనంటిని సిస్టరమ్మా. వాళ్లే నా చెయ్యి పట్టుకోని పాప తల మీద పెట్టిరి. ఈ ఇల్లు నాగరాజన్నదే, కాదంటే రేపు ఖాళీ చేయమంటాడు, ఏం చేయాల నేను? జానన్నకు వేయకపోతే నాకు అన్నం సహించదు. పాపకు ఫిట్స్ వచ్చిన నాడు బండి మీద ఆస్పత్రికి ఎత్తుకోని పోయింది ఎవరు, జానన్నే గదా. ఆయనకు వేస్తే పాపకేమన్నా అయితాదేమోనని గుండె దడ. నువ్వొక్క మాట చెప్పు. ఏం కాదు, వెయ్యి అంటే వేస్తాను. నూనె రాసి ప్రార్థన చేసి ఈ ఒట్టు తీసెయ్. అందరం అదే అనుకుంటున్నాం, నువ్వు తీసేస్తే అందరం జానన్నకే." అందరూ అంటే ఈ వీధి. ఈ వీధి ఎటు మొగ్గితే వార్డు అటే మొగ్గుతుంది, అది నాకు తెలుసు, జాన్‌కు తెలుసు, అందరికన్నా ముందు నాగరాజ్‌కు తెలుసు.

నాగరాజ్ మొన్న మా ఇంటికే వచ్చాడు. తప్పేముంది, పోటీ చేసేవాడు గడప గడపకూ తిరగాలి కదా, ప్రత్యర్థి తల్లి గడపైనా గడపే. చెప్పులు బయట విడిచి, ఈ కుర్చీలోనే కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగాడు. వాళ్లు ఈ ఊరి పాతకాపులు, పొలాలు పోయి అద్దెకిచ్చే వఠారాలు వచ్చాయి, ఇళ్లల్లో తాతల నాటి తెలుగే మాట్లాడతారు. వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు రోజూ వెళ్లి పుండ్లకు కట్లు కట్టింది నేనే, అది మరిచిపోయే మనిషి కాదు, అందుకే నాకు ఇంకా కోపం. చెడ్డవాడు చెడ్డగా ఉంటే ఎంత సుఖం. "బాగుండావా అక్కా" అన్నాడు. "మీ జాను మంచోడు, నేను కాదంటినా? ఇట్లాటోళ్లు ఉండాల. ఉంటేనే మాలాంటోళ్లకు అడ్డూ ఆపూ ఉండాది" అని నవ్వాడు. ఆ ఒట్లేమిటి నాగరాజూ, పసిపిల్లల మీద, అన్నాను. కొంచెం కూడా తడబడలేదు. "ఏం చేసేదక్కా. మావోళ్లు నాకాడ తీస్కుంటారు, ఇంకోనికాడ తీస్కుంటారు, ఓటు ఇంకెవనికో ఏస్తారు. సుమ్నే ఊరికే ఇచ్చి ఏం లాభం? నీ ప్రార్థన ఆడోళ్లు అట్ల కాదు. మాట అంటే మాటే. అందుకే మీ ఈదికే ముందు ఇచ్చింది. అదంతా నువ్వు నేర్పిందే గదా." గ్లాసు కింద పెట్టి, లేచి, గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట అన్నాడు. "హేమంతు తాగేది ఎట్ల ఇడిసె? బిడ్డ తల మీద చెయ్యి పెట్టిస్తివంట. ఊరంతా చెప్తారు. ఆ ఉపాయం నాకు బలే నచ్చిందక్కా."

ఆ మాట దిగబడిపోయింది. ఇప్పటికీ లోపలే ఉంది, లాగితే రక్తం వస్తుందని లాగడం లేదు. నిజమే కదా. హేమంత్‌కుమార్ రంజిత మొగుడు, సెక్యూరిటీ గార్డు, యూనిఫారంలో చూస్తే కలెక్టరు బంట్రోతులా ఉంటాడు, తాగితే మాత్రం పెళ్లాం చెవి కమ్మలు ఊడిపోయేట్టు కొట్టేవాడు. నేను చెప్పని నీతి లేదు, పెట్టని శాపనార్థం లేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను, మాత్రలు ఇప్పించాను, మాత్రలు కూడా మందుతోనే మింగాడు. చివరికి ఒక సాయంత్రం అక్షరకు ఫిట్స్ తగ్గి, సొమ్మసిల్లి, ఈ గదిలోనే ఈ చాప మీదే పడుకుని ఉండగా వాడు తూలుతూ వచ్చాడు, పిల్లను చూసి వలవలా ఏడ్చాడు. నాకెందుకు తోచిందో, వాడి చెయ్యి పట్టి పిల్ల తల మీద పెట్టి, చెప్పరా, దీని తల మీద ఒట్టేసి చెప్పు ఇంక ముట్టనని అన్నాను. చెప్పాడు. ముట్టలేదు. అప్పటినుంచి ముట్టలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పాడు, అందరూ హల్లెలూయా అన్నారు, నేను కూడా అన్నాను. దేవుడు చేశాడన్నారు. దేవుడు చేసి ఉండొచ్చు, కానీ నాకు తెలిసినంతవరకు చేసింది భయం. మంచికి వాడిన భయం. మంచికి వాడాను కదా అని నేను నిశ్చింతగా నిద్రపోతుంటే, అదే చేతిని అదే తల మీద పెట్టి నాగరాజ్ వార్డు కొనుక్కుంటున్నాడు. నేను కనిపెట్టిన మందును దుకాణంలో పెట్టి అమ్ముతున్నాడు.

ఇవాళ నేను వీళ్లను కూర్చోబెట్టి, ఆ ఒట్టు ఒట్టు కాదమ్మా, బిడ్డ తల మీద చెయ్యి పెట్టినంత మాత్రాన ఏమీ కాదు, అంతా మన భ్రమ, హాయిగా వెళ్లి మీ ఇష్టం వచ్చినవాళ్లకు వేసుకోండి అంటే, నిజమే చెప్పినట్టు. నర్సుగా కూడా అదే చెప్పాలి. ఫిట్స్ ఓట్లు చూసుకుని రావు, మాత్ర మరిచిపోతే వస్తాయి, నిద్ర లేకపోతే వస్తాయి, ఏ కారణమూ లేకుండా కూడా వస్తాయి. కానీ గుమ్మం బయట హేమంత్ నిలబడి ఉంటాడు, ఎప్పుడూ లోపలికి రాడు, అక్కడే నిలబడి వింటాడు. వాడికేం వినిపిస్తుంది? తల మీద చెయ్యి పెట్టినా ఏమీ కాదని సిస్టరమ్మే చెప్పింది. రోడ్డు దాటితే బారు. ఇంకోటి కూడా ఉంది. ఎల్లుండి రంజిత జాన్‌కు వేసి వచ్చాక, ఆ వారంలోనో నెలలోనో పిల్లకు ఫిట్స్ వస్తాయి, తప్పకుండా వస్తాయి, అప్పుడు రంజిత నా ముఖం వైపు చూస్తుంది. ఏమీ అనదు, అనే మనిషి కాదు. జీవితాంతం తన ఓటు వల్లనే వచ్చిందని లోపల కుళ్లిపోతుంది. చెప్పింది ఎవరు, గెలిచినవాడి తల్లి.

జాన్ ఎక్కడున్నాడో. గొంతు పోయింది వాడికి, పొద్దున మాట్లాడితే బొంగురుగా గాలి వచ్చింది, మిరియాల పాలు ఇస్తే తాగకుండానే వెళ్లిపోయాడు. ఆఫీసుకు జీతం లేని సెలవు పెట్టి, చెప్పులు అరగదీసుకుని తిరిగాడు. ఎవరికీ టీ కూడా ఇప్పించలేదు, తనతో తిరిగే కుర్రాళ్లకు కూడా ఎవరి టీ వాళ్లే. డ్రైనేజీ మూతలు వేయించింది వాడు, నీళ్లు అమ్ముకునే ట్యాంకర్లవాళ్లు పైపులు కోసేస్తుంటే అర్జీలు పెట్టి పెట్టి మా వీధికి నీళ్లు తెప్పించింది వాడు, అది ఎవరూ కాదనరు. చిన్నప్పటినుంచీ అంతే. చర్చిలో క్విజ్ పోటీ పెడితే, గంట కొట్టాక చెప్పిన జవాబుకు మార్కు వేశారని లేచి నిలబడి, నాది లెక్కలోకి రాదు అని బహుమతి వెనక్కి ఇచ్చేశాడు. అందరూ చప్పట్లు. పాస్టరుగారు ముద్దు పెట్టుకున్నారు. నేను ఏడ్చేశాను గర్వంతో. ఇంటికి వచ్చేదాకా వాడు ఆ చప్పట్ల గురించే మాట్లాడాడు, ఎవరెవరు లేచి నిలబడి కొట్టారో చెప్పాడు. ఆ రోజు నాకు ఎక్కడో చిన్నగా తగిలింది, ఈ పిల్లవాడికి నిజం ఇష్టమా, నిజం చెప్పేవాడిగా కనిపించడం ఇష్టమా అని. తల్లులకు అలాంటివి తగలకూడదు, తగిలినా తుడిచేసుకోవాలి, తుడిచేసుకున్నాను.

పొద్దున పోట్లాడుకున్నాం. పోట్లాట అని కూడా కాదు, వాడికి గొంతు లేదు, నాకు మాట లేదు. ఎలక్షన్ ఆఫీసరుకు ఫిర్యాదు ఇచ్చాడు, వీడియో ఉందా అన్నారట, సాక్షులు ఉన్నారా అన్నారట. సాక్షులు ఎవరు, తీసుకున్నవాళ్లే, తీసుకోవడమూ నేరమే, ఎవరొస్తారు? "అమ్మా, ఇది చాలా సింపుల్" అన్నాడు. "భయపెట్టి పెట్టించిన ఒట్టు లీగల్‌గా చెల్లదు, మోరల్‌గా అసలే చెల్లదు. ఇది నువ్వు చెప్తే వాళ్లు నమ్ముతారు, నేను చెప్తే ఓట్ల కోసం చెప్తున్నా అనుకుంటారు." మరి నేను చెప్పేది దేనికోసం రా, అన్నాను. చిరాకుపడ్డాడు. "అయితే నాగరాజ్ గెలిస్తే నీకు ఓకేనా? నేను ఇంత నీట్‌గా చేసింది దేనికి? వాడు చీట్ చేసి గెలవాలి, నేను ఆనెస్ట్‌గా ఓడిపోవాలి, అది నీ న్యాయం." ఆ కళ్లలో ఎరుపు నిద్ర లేకపోవడం వల్లే అనుకున్నాను. ఇంతకుముందు ఎప్పుడూ వాడు ఓడిపోవడం గురించి మాట్లాడలేదు. నీళ్ల గురించి మాట్లాడేవాడు, చెత్త లారీ గురించి మాట్లాడేవాడు. పోటీ మనిషిని ఎట్లా కోస్తుందో, మత్తు ఇచ్చి కోస్తుంది, కోసినట్టు తెలియనే తెలియదు.

ఆరున్నర దాటింది. మిక్సీ ఆగింది. రంజిత రేపటికి పిండి రుబ్బేసుకుంది కాబోలు, ఆ పిండితో వేసిన ఇడ్లీలు మా ఇంటికి కూడా వస్తాయి, మొన్న వచ్చాయి, తిన్నాను కూడా, మెత్తగా ఉన్నాయి. నవ్వొస్తోంది. సరే కృపమ్మా, తేల్చుకో. ఇట్లా చెప్తాను. ఒట్టులో రెండు రకాలు అమ్మా. మనల్ని మనం బాగు చేసుకోవడానికి మనమే పెట్టుకున్నది ఒకటి, దాన్ని ప్రాణం పోయినా నిలబెట్టుకోవాలి, హేమంత్‌ది అలాంటిది. ఎవడో వచ్చి మన చెయ్యి పట్టుకుని తన లాభం కోసం పెట్టించినది ఇంకొకటి, అది పెట్టించినవాడి పాపం, మనది కాదు, బిడ్డకు అంటదు. మిక్సీలు తిరిగి ఇచ్చేయండి, ఇల్లు ఖాళీ చేయమంటే అందరం కలిసి నిలబడదాం. ఓటు ఎవరికి అన్నది నేను చెప్పను, నా కొడుకు పేరు నా నోట రాదు. అదీ మాట. బాగుంది, నిజంగానే బాగుంది, పెద్ద డాక్టర్లు రౌండ్స్‌లో చెప్పినట్టు ఉంది. హేమంత్ చెయ్యి పట్టుకున్నది నేనే కదా, వాడంతట వాడు పెట్టలేదు కదా అని నర్సు గొణుగుతోంది. నువ్వు ఊరుకో. రెంటికీ మధ్య సన్నటి గీత ఉంది, నాకు కనిపిస్తోంది, వాళ్లకూ చూపిస్తాను. తల్లి కొంగు నోట్లోంచి తీసి ఊపిరి పీల్చుకుంది. నిజమే చెప్తున్నాను, పైగా నా బిడ్డ గెలుస్తాడు, రెండూ కలిసిరావడం జన్మలో ఎప్పుడోగానీ జరగదు. మోకాళ్ల నొప్పి కూడా తగ్గినట్టుంది.

వచ్చారు. వందనాలు సిస్టరమ్మా, వందనాలు సిస్టరమ్మా, చెప్పులు గుట్టగా పడ్డాయి, గది నిండిపోయింది, మల్లెపూల వాసన, ఫ్యాక్టరీ నూలు దుమ్ము వాసన, పసిపిల్లల పాల వాసన. రంజిత ముందు వరసలో కూర్చుంది, అక్షర ఒళ్లో తల పెట్టుకుంది, రెండు జడలు వేశారు. గుమ్మం బయట హేమంత్, యూనిఫారంలోనే, టోపీ చంకలో పెట్టుకుని. పాట పాడాం. ఎవరి గొంతులోనూ పాట లేదు. ప్రార్థన చిన్నదిగా ముగించి, మీరు అడిగిన సంగతి చెప్తాను వినండి అని మొదలుపెట్టాను. ఒట్టులో రెండు రకాలమ్మా అన్నాను. అంతవరకే అన్నాను. జాన్ వచ్చాడు. జుట్టు చెదిరి, చొక్కా చెమటకు అంటుకుపోయి, హేమంత్‌ను పక్కకు జరిపి లోపలికి వచ్చి, ఆడవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని ముందుకు వచ్చాడు. "అమ్మా, నువ్వు ఆగు" అన్నాడు, ఆ గాలి గొంతుతో. "టైమ్ లేదు, నువ్వు రెండు రకాలు మూడు రకాలు అంటే వీళ్లు కన్ఫ్యూజ్ అవుతారు." రంజిత ముందు గొంతుక్కూర్చున్నాడు. ప్రచారం రోజుల్లో చూసిన వంగడమే, చేతులు జోడించడమే, కానీ ఇంత దగ్గరగా నేను చూడలేదు. "రంజితక్కా, నీ భయం నాకు అర్థమైంది. ఒట్టు మీద ఒట్టు పెడితే పాతది కొట్టుకుపోతుంది. కొత్తదే లెక్క. ఇక్కడ ప్రార్థనలో పెడుతున్నావు కాబట్టి దీనికే పవర్ ఎక్కువ. పాప తల మీదే పెట్టు. ఈల గుర్తు అను చాలు."

నేను తప్పు విన్నాననుకున్నాను. వాడు నమ్మి చెప్పడం లేదు, వాడికి ఇలాంటివాటి మీద అణువంత నమ్మకం లేదు, పొద్దునే కదా లీగల్‌గా చెల్లదన్నాడు. నమ్మనివాడు నమ్మేవాళ్ల చెయ్యి పట్టుకున్నాడు. నిజంగానే పట్టుకున్నాడు, రంజిత మణికట్టు పట్టుకున్నాడు. అప్పుడు అక్షర లేచింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెప్పలేదు. తల్లి ఒళ్లోంచి లేచి నిలబడి, రెండు జడలూ ముందుకు వేసుకుని, పాపిడి కనిపించేట్టు తల వంచింది. డాక్టరు దగ్గర చొక్కా పైకెత్తే పిల్లల్లాగా, అలవాటుగా, కళ్లు మూసుకుని తల వంచి నిలబడింది. మొదట నేను, ఆ తర్వాత నాగరాజ్ మనుషులు, ఇప్పుడు నా కొడుకు. పెద్దవాళ్లకు ఏదైనా కావలసి వచ్చినప్పుడల్లా తన తల కావాలని ఆ పిల్లకు తెలిసిపోయింది. ఇన్నేళ్లలో నా కొడుకు మీద ఎన్నడూ రాని అసహ్యం వచ్చింది, వాడి మీదే కాదు, నా రెండు అరచేతుల మీద కూడా వచ్చింది.

"చెయ్యి తియ్యి జాన్" అన్నాను. తియ్యలేదు. ఒక్క నిమిషం అమ్మా అన్నాడు. లేచి వెళ్లి వాడి వేళ్లు ఒక్కొక్కటీ విప్పాను, నర్సు వేళ్లకు ఇంకా బలం ఉంది. పిల్లను దగ్గరికి లాక్కుని, తల ఎత్తించి, రెండు జడలూ వెనక్కి వేశాను. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. ఇందాకటి మాట, ఆ బాగున్న మాట, గీత గీసి చూపించాలనుకున్న మాట, ఎక్కడా లేదు. ఇప్పుడు ఆ ఒట్టు చెల్లదని అంటే అది కూడా ఇదే, నా కొడుకు గెలుపు కోసం ఆ తల మీద ఇంకో చెయ్యి, అంతే. "రంజితా, ఇంక ఈ బిడ్డ తల మీద ఎవ్వరినీ చెయ్యి పెట్టనియ్యకు. నన్ను కూడా. నువ్వు నాగరాజ్‌కే వేసెయ్. అందరూ అంతే, ఇచ్చిన మాట ప్రకారం వేసి, ఇంటికి వచ్చి నిశ్చింతగా పడుకోండి. పిల్లకు రేపు ఏం జరిగినా నీ వల్ల కాదు. వినపడిందా? నీ వల్ల కాదు." రంజిత నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అది బాధో, బరువు దిగిన ఏడుపో, రెండూ కావొచ్చు. ఎవరూ జాన్ వైపు చూడలేదు. నా కొడుకును నా నోటితో నేనే ఓడించాను, అది ఆ గదిలో అందరికీ తెలుసు.

ఒక్కొక్కళ్లే లేచి, వందనాలు కూడా చెప్పకుండా, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. హేమంత్ మాత్రం కదల్లేదు. టోపీ చేతుల్లో తిప్పుతూ, "సిస్టరమ్మా, మరి నాది? నా ఒట్టు ఉండాదా, పోయిందా?" అన్నాడు. ఎగతాళి కాదు, పాపం నిజంగానే అడిగాడు. ఉంది, నీది ఉంది, ఇంటికి పో అన్నాను. టోపీ పెట్టుకుని వెళ్లాడు. ఇంటివైపే వెళ్లాడో, రోడ్డువైపు వెళ్లాడో, ఇక్కడినుంచి కనిపించలేదు. జాన్ చాప మీద అలాగే గొంతుక్కూర్చుని ఉన్నాడు. "నువ్వు ఎవరి అమ్మవే?" అన్నాడు చివరికి. పుట్టినప్పటినుంచి వాడు నన్ను ఒసే, ఏమే అన్నట్టు అంత ఈసడింపుగా అనలేదు. నేను చాపలు చుట్టడం మొదలుపెట్టాను. లేచి స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది, వాడే పోట్లాడి తెప్పించిన నీళ్లు. మంచివాడే. ఇప్పటికీ వార్డులో నాగరాజ్ కన్నా మంచివాడే, ఆ మాట ఎవరు అడిగినా చెప్తాను. కానీ ఈ వీధిలో ఎవరికీ మాట ఇవ్వకుండా, ఎవరి తల మీదా చెయ్యి పెట్టకుండా ఎల్లుండి ఓటు వేయగలిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, ఆ ఒక్క ఓటు నా కొడుక్కు వేస్తానని మాత్రం ఇప్పుడు చెప్పలేను.